కంట్లో టార్చి వేసుకుంటే గ్రంథి కనపడదు, తల్లీ

మేనకోడలా,

రాత్రంతా అమెరికా వాళ్ల వేళలకు పనిచేసి, పగలు కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకునే దానివి. ఒంట్లో ఓపిక లేదంటే నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. ఆ నీరసానికి నువ్వే 'అడ్రినల్ ఫెటీగ్' అని పేరు పెట్టేసుకున్నావు చూడు, అక్కడే నా మనసు ఆగింది. చీకటి గదిలో అద్దం ముందు నిలబడి కంట్లోకి టార్చి వేసుకున్నావట. పడుకుని ఒకసారి, లేచి నిలబడి ఒకసారి బీపీ చూసుకున్నావట. పొట్ట మీద గీత గీసి అది తెల్లగా ఎంతసేపుందో లెక్కపెట్టావట. మూడింటిలోనూ తేడా కనిపించింది కాబట్టి ఉమ్మి పరీక్ష కిట్టూ, దాంతోపాటు 'అడ్రినల్ సపోర్ట్' అనే మాత్రల డబ్బాలూ తెప్పించుకుంటానన్నావు.

డబ్బు కట్టే ముందు ఈ అత్త మాట కాస్త విను. నేను డాక్టర్ని కాను. కానీ సర్వీసంతా వార్డుల్లోనే గడిచింది. బీపీ చూడటం, రక్తం తీయడం, సెలైన్ ఎక్కించడం, ఏ రోగి ముఖం ఏ పూట ఎలా మారిందో గమనించడం, ఇదే నా ఉద్యోగం. ఆ చనువుతో ముందే తేల్చి చెబుతున్నా: ఇంట్లో చేసుకునే ఏ పరీక్షా నీ అడ్రినల్ గ్రంథులు చెడిపోయాయని చెప్పలేదు. బాగున్నాయని కూడా చెప్పలేదు. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఈ రెండోదే. ఎందుకో చెబుతాను.

ముందు ఆ గ్రంథుల సంగతి. రెండు మూత్రపిండాల మీదా టోపీ పెట్టినట్టు ఒక్కొక్కటి కూర్చుని ఉంటుంది. ఒక్కోటి నాలుగైదు గ్రాముల బరువు, అంతే. లోపలి భాగం అడ్రినలిన్‌ని తయారుచేస్తుంది. బయటి పొర కార్టిసాల్‌నీ, ఆల్డోస్టెరాన్‌నీ తయారుచేస్తుంది. కార్టిసాల్ లేకపోతే ఒళ్లు జ్వరాన్నీ, దెబ్బనీ, ఆపరేషన్‌నీ తట్టుకోలేదు. ఆల్డోస్టెరాన్ లేకపోతే ఒంట్లో ఉప్పు నిలవదు, బీపీ నిలవదు. ఈ గ్రంథులకు ఎంత మిగులు శక్తి ఉందంటే, దాదాపు తొంభై శాతం దెబ్బతినేదాకా లక్షణాలు పూర్తిగా బయటపడవంటారు. అంత లోపల, అంత గుట్టుగా ఉండే దాన్ని అద్దంలో చూసి తేల్చగలమా?

ఇక నువ్వు చేసిన పరీక్షలు ఒక్కొక్కటే చూద్దాం.

కంట్లో టార్చి. వెలుగు పడితే కంటిపాప చిన్నదవుతుంది, అలా నిలబడకుండా మళ్లీ పెద్దదైతే గ్రంథి అలసిపోయినట్టు అని కదా నీకు చెప్పింది? వెలుగు కంట్లో పడుతూనే ఉంటే కంటిపాప కాస్త ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉండటం ఆరోగ్యవంతుల్లోనూ ఉండేదే. గది ఎంత చీకటిగా ఉంది, టార్చి ఎంత దూరంలో ఉంది, నువ్వెంత నిద్ర పోయావు, ఏ మందులు వాడుతున్నావు, షుగర్ ఉందా, వయసెంత, వీటన్నిటి మీదా అది ఆధారపడుతుంది. పైగా చూసేదీ నువ్వే, చూపించుకునేదీ నువ్వే, భయపడేదీ నువ్వే. అలాంటప్పుడు కన్ను ఏది కావాలనుకుంటే అదే కనిపిస్తుంది.

పొట్ట మీద గీత. దీనికి కొంచెం చరిత్ర ఉంది. ఎమీల్ సెర్జాన్ అనే ఫ్రెంచి వైద్యుడు గత శతాబ్దం మొదట్లో దీన్ని అడ్రినల్ జబ్బుకు గుర్తుగా చెప్పాడు. తర్వాత చూస్తే ఏ జబ్బూ లేనివాళ్ల చర్మం మీదా ఆ తెల్లగీత కనిపిస్తూనే ఉంది. ఇప్పుడు హార్మోన్ల డాక్టర్లెవరూ దీన్ని నమ్ముకుని జబ్బు తేల్చరు. ఒకటి గుర్తుపెట్టుకో. ఆ రోజుల్లో రక్తంలో హార్మోన్‌ను కొలిచే దారే లేదు. బెర్సన్, యాలో అనే ఇద్దరు అమెరికాలో రేడియో ఇమ్యునో ఎస్సే పద్ధతిని కనిపెట్టింది 1950ల చివర్లో. అందుకే యాలోకి 1977లో నోబెల్ వచ్చింది. అప్పటికి బెర్సన్ చనిపోయాడు. కొలిచే సాధనం లేని కాలంలో డాక్టర్లు కంటినీ చర్మాన్నీ చూసి ఊహించారు. తప్పని పరిస్థితి వాళ్లది. సాధనం చేతికొచ్చిన తర్వాత కూడా మనం ఆ ఊహల్నే పట్టుకుని వేలాడితే ఎలా?

బీపీ పరీక్ష సంగతి వేరు. దాన్ని నేను కొట్టిపారేయను, రోజూ చేసినదాన్ని కాబట్టి. ఐదు నిమిషాలు కదలకుండా పడుకుని చూసుకోవాలి. లేచి నిలబడి ఒక నిమిషానికి, మళ్లీ మూడు నిమిషాలకు చూసుకోవాలి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. అడ్రినల్ చెడిన వాళ్లలో ఇలా తగ్గే మాట నిజమే. కానీ ఎండన పడి వచ్చినా తగ్గుతుంది. విరేచనాలైనా, ఉపవాసమున్నా, రక్తం తక్కువున్నా, బీపీ బిళ్లలు మోతాదు మించినా, ప్రొస్టేట్ మందులు వాడినా, ఎన్నేళ్లుగానో షుగర్ ఉండి నరాలు దెబ్బతిన్నా, ఊరికే వయసు మీద పడినా తగ్గుతుంది. వాకిట్లో కుక్క పిల్లిని చూసీ మొరుగుతుంది, పాలవాణ్ణి చూసీ మొరుగుతుంది, దొంగను చూసీ మొరుగుతుంది. మొరిగిందంటే లేచి చూడాల్సిందే, కానీ మొరుగు విని దొంగ పేరు చెప్పకూడదు. నువ్వు పేరు చెప్పేశావు.

ఆ ప్రశ్నల పట్టిక కూడా నింపావుగా? పొద్దున్నే లేవబుద్ధి కావడం లేదా, మధ్యాహ్నం కళ్లు మూతలు పడుతున్నాయా, ఉప్పగా కారంగా తినాలనిపిస్తోందా, చీటికీ మాటికీ చిరాకొస్తోందా! మీ ఆఫీసులో పట్టిక పంచిపెడితే గేటు దగ్గర వాచ్‌మన్‌తో సహా అందరికీ జబ్బు ఉన్నట్టే తేలుతుంది. అందరికీ ఉందని చెప్పే పరీక్ష ఎవరికీ ఏమీ చెప్పనట్టే.

ఉమ్మి పరీక్ష అయినా శాస్త్రీయమే కదా అత్తా అన్నావు. సగం నిజం. ఉమ్మిలో కార్టిసాల్‌ని కొలవచ్చు, పెద్ద ల్యాబుల్లో కొలుస్తారు కూడా. కానీ దేనికోసం? కుషింగ్స్ అని ఇంకో జబ్బుంది. అందులో కార్టిసాల్ తక్కువ కాదు, విపరీతంగా ఎక్కువ. ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, పొట్ట మీద ఊదారంగు చారలు వస్తాయి, బీపీ షుగర్ పెరుగుతాయి. మామూలుగా అర్ధరాత్రికి కార్టిసాల్ అడుగంటాలి. ఈ జబ్బులో అడుగంటదు. అది పట్టుకోవడానికి డాక్టర్లు రాత్రి పదకొండు, పన్నెండు మధ్య ఉమ్మి తీయించి పరీక్ష చేయిస్తారు. అందుకు అది మంచి పరీక్షే. రోజుకు నాలుగుసార్లు ఉమ్మి పట్టి గీత గీసి, ఇదిగో మీ గ్రంథి ఇంత అలసిపోయిందని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు. పళ్లు తోముకుంటే చిగుళ్లలోంచి వచ్చే రక్తం చుక్క, చేతికి రాసుకున్న హైడ్రోకార్టిసోన్ క్రీము, ముందు కాల్చిన సిగరెట్టు, ఇవన్నీ ఆ లెక్కను పాడుచేస్తాయి. అన్నిటికీ మించి నీ రాత్రీ పగలూ తలకిందులు. నీ ఒంటికి అర్ధరాత్రి ఎప్పుడో ఆ కిట్టుకేం తెలుసు?

అసలు ఈ 'అడ్రినల్ ఫెటీగ్' అనే మాట ఎక్కడిదో తెలుసా? 1998లో జేమ్స్ విల్సన్ అనే ఆయన అమెరికాలో పుట్టించాడు. ఆయన కైరోప్రాక్టర్, ప్రకృతి వైద్యుడు. ఎక్కువకాలం ఒత్తిడిలో ఉంటే గ్రంథులు పనిచేసి పనిచేసి అలసిపోతాయన్నాడు. వినడానికి నిజమే అనిపిస్తుంది. 2016లో బ్రెజిల్‌కి చెందిన ఇద్దరు హార్మోన్ల వైద్యులు, కాడెజియాని, కాటర్, అంతవరకూ వచ్చిన పరిశోధనలన్నీ వడపోసి 58 అధ్యయనాలు పరిశీలించారు. అలాంటి జబ్బు ఒకటి ఉందనడానికి ఆధారం లేదని తేల్చారు. అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ కూడా దాన్ని జబ్బుగా ఒప్పుకోదు. ఒత్తిడి లేదని కాదు. నీ నీరసం అబద్ధమనీ కాదు. నీరసం నూటికి నూరుపాళ్లు నిజం, దానికి తగిలించిన పేరే తప్పు.

పేరు తప్పైతే ఏం పోయింది, నాలుగు మాత్రలు మింగితే పోలా అనుకుంటావేమో. 2018లో అమెరికా పరిశోధకులు అక్కడ అమ్ముతున్న 12 రకాల 'అడ్రినల్ సపోర్ట్' మాత్రలను పరీక్షించారు. అన్నిటిలోనూ థైరాయిడ్ హార్మోన్ ఉంది. చాలావాటిలో స్టెరాయిడ్ జాతి హార్మోన్లు కూడా ఉన్నాయి. డబ్బా మీద ఆ సంగతి ఉండదు. అలాంటివి వేసుకుంటే మొదట హుషారుగానే ఉంటుంది, అక్కడే మోసపోతాం. అతిమధురం ఉన్న మందుల సంగతీ అంతే. దగ్గుకు కాసింత నములుకోవడం వేరు, రోజూ మోతాదుగా నెలల తరబడి తీసుకోవడం వేరు. ఒంట్లో పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది.

ఇప్పుడు నా భయం చెబుతాను.

ఆ పరీక్షలు లేని జబ్బుని ఉందని చెబితే నీకు పోయేది డబ్బు, మనశ్శాంతి. ఉన్న జబ్బుని లేదని చెబితే పోయేది ప్రాణం. అడ్రినల్ గ్రంథులు నిజంగా చెడిపోయే జబ్బు ఉంది. 1855లో లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్ దాని గురించి పుస్తకం రాశాడు. అందుకే అడిసన్స్ అంటారు. చాలా దేశాల్లో అది ఎక్కువగా ఒళ్లు తన గ్రంథి మీద తానే దాడిచేయడం వల్ల వస్తుంది. మన దేశంలో టీబీ కూడా ముఖ్యమైన కారణమే. ఊపిరితిత్తుల్లో ఎప్పుడో వచ్చి పోయిన టీబీ, ఏళ్ల తర్వాత అడ్రినల్‌లో బయటపడవచ్చు. టీబీకి వాడే రిఫాంపిసిన్ కార్టిసాల్‌ని త్వరగా కరిగించేస్తుంది. గ్రంథి అప్పటికే బలహీనంగా ఉంటే మందు మొదలుపెట్టాక మనిషి ఉన్నట్టుండి కుప్పకూలవచ్చు.

మా వార్డుకి ఒకామె వచ్చేది. పొలం పని చేసేది. నల్లబడింది, చిక్కిపోయింది, తిన్నది కక్కేది. ఎండకు నల్లబడిందన్నారు చుట్టాలు. కోడలు అన్నం పెట్టడం లేదనీ అన్నారు. సెలైన్ పెడితే రెండు రోజులు బాగుండేది, ఇంటికెళ్లేది, మళ్లీ వచ్చేది. ఒకసారి ఒక కుర్ర డాక్టరు ఆమె అరచెయ్యి తిప్పి చూశాడు. రేఖలు నల్లగా ఉన్నాయి. చిగుళ్ల మీద నల్లమచ్చలు. ఎండ అరచేతి గీతల్లోకీ నోట్లోకీ ఎలా వెళుతుంది? సోడియం పడిపోయి, పొటాషియం పెరిగి ఉంది. మందు మొదలుపెట్టిన మూడో రోజుకే ఆమె లేచి జడ వేసుకుంటూ కూర్చుంది. అందుకే చెబుతున్నా, ఇంట్లో పరీక్ష చేయడం వేరు, ఇంట్లో గమనించడం వేరు. రెండోది నీ చేతిలో పనే.

ఏం గమనించాలో చెబుతా. ఎండ తగలని చోట నల్లబడటం: అరచేతి గీతలు, చిగుళ్లు, వేలి కణుపులు, పాత మచ్చలు. తగ్గాలనుకోకుండానే బరువు తగ్గడం. ఆకలి చచ్చిపోవడం, వాంతులు, కడుపునొప్పి. లేవగానే కళ్లు తిరగడం. ఉప్పు కోసం తహతహ, ఊరగాయ తినాలనిపించడం కాదు, ఉప్పు డబ్బా వెతుక్కునేంత. ఒక్కోటి విడిగా ఉంటే ఏదైనా కావచ్చు. రెండు మూడు కలిసొస్తే ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇంట్లో చేసిన పరీక్ష ఏం చెప్పిందన్నది అప్పుడు అనవసరం.

ఇంకో సంగతి, మన ఊళ్లలో అన్నిటికంటే మామూలుగా జరిగేది. గ్రంథులు జబ్బుతో కాదు, మందులతో నిద్రపోతాయి. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్, వీటిని స్టెరాయిడ్లంటారు. ఉబ్బసానికీ, కీళ్లవాతానికీ, ఎన్నో పెద్ద జబ్బులకీ ప్రాణాలు నిలిపే మందులివి. కానీ బయటినుంచి మూడు నాలుగు వారాలు మించి వేసుకుంటూ పోతే, లోపలి గ్రంథి తన పని మానేస్తుంది. ఒక్కసారిగా ఆపితే మళ్లీ పని మొదలుపెట్టేసరికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా జ్వరమొస్తే మనిషి పడిపోతాడు. మోకాళ్ల నొప్పులకు పల్లెలో ఎవరో ఇచ్చే పొడుల్లో, 'ఒక్క డోసుకే తగ్గింది' అనిపించే పేరులేని బిళ్లల్లో, తెల్లబడటానికి పూసుకునే క్రీముల్లో, లావవడానికి మింగే మాత్రల్లో కూడా ఇవే ఉండొచ్చు. నువ్వు ఎప్పుడైనా ఇలాంటివి వాడావా? మొహానికి ఏ క్రీము రాస్తున్నావు? నిజం చెప్పు, నేనేమీ అనను. కంట్లో టార్చి చెప్పలేనిది ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెబుతుంది. మీ నాన్నని కూడా అడుగు. ఆ మధ్య మోకాళ్లకు ఏదో పొడి తెచ్చుకున్నానన్నాడు. వాడుతుంటే తటాలున ఆపమని చెప్పకు. ఆ పొట్లంతో సహా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు, ఎలా తగ్గించాలో ఆయన చెబుతాడు.

నిజంగా అనుమానమొస్తే చేసే పరీక్ష ఏమంత బ్రహ్మవిద్య కాదు. నిద్రలేచిన పొద్దున, ఎనిమిది గంటల ప్రాంతంలో రక్తం తీసి కార్టిసాల్ చూస్తారు. డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల లోపు ఉంటే జబ్బు ఉన్నట్టే అనుకోవాలి. 15 దాటి బాగా పైన ఉంటే చాలావరకు లేనట్టే. మధ్యలో ఉంటే ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ని సూదిమందుగా ఇచ్చి, అరగంటకూ గంటకూ మళ్లీ రక్తం తీస్తారు. పొమ్మంటే గ్రంథి పరుగెత్తుతోందా లేదా అని చూడటం అది. దాంతోపాటు సోడియం, పొటాషియం, షుగర్. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే కార్టిసాల్ లెక్క పైకి కనిపిస్తుంది. జుట్టు కోసం బయోటిన్ వేసుకుంటుంటే కొన్ని ల్యాబు లెక్కలే తారుమారవుతాయి. రాత్రి డ్యూటీ సంగతి, ఈ మాత్రల సంగతి రక్తం ఇచ్చే ముందే చెప్పాలి. చదివేది అంకెను కాదు, అంకె వెనకున్న మనిషిని. అది ఇంట్లో కుదరకపోవడానికి అసలు కారణం ఇదే.

ఒకవేళ జబ్బే అని తేలినా గుండె జారనక్కర్లేదు. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి అడిసన్స్ ఉంది. 1947లో లండన్‌లో బయటపడింది. మందులు వేసుకుంటూనే దేశాన్ని ఏలాడు. రోజూ బిళ్ల వేసుకోవాలి, జ్వరమొస్తే డాక్టర్ చెప్పినట్టు మోతాదు పెంచుకోవాలి, వాంతులై బిళ్ల నిలవకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోయి హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ వేయించుకోవాలి. ఆ ఇంజెక్షన్ అందక పోయిన ప్రాణాలున్నాయి గానీ, అందాక కోలుకోని వాళ్లు తక్కువ.

ఇక నీ విషయానికొస్తే, నువ్వు చెప్పినదాంట్లో అడిసన్స్ ఆనవాళ్లు నాకు కనబడలేదు. బరువు తగ్గలేదు, నల్లబడలేదు, వాంతుల్లేవు. నాకు కనబడ్డవి వేరే. పగలు నాలుగైదు గంటలు ముక్కలు ముక్కలుగా నిద్ర. డ్యూటీలో నాలుగు కాఫీలు. నెలసరి ఎక్కువగా అవుతోందని మీ అమ్మ ఎప్పుడో అంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే సగానికి పైగా. మన దేశంలో ఒక ఆడపిల్ల నీరసంగా ఉందంటే ముందు అనుమానించాల్సింది రక్తాన్ని, ఆ తర్వాత థైరాయిడ్‌ని, షుగర్‌ని, బీ12ని, నిద్రని, మనసుని. దారినపోయే అరుదైన జబ్బుని ఇంట్లోకి పిలవడం ఎందుకు?

కాబట్టి ఇలా చెయ్యి. కిట్టుకి కట్టబోయే డబ్బుతో ఒక మంచి జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లు. సీబీపీ, టీఎస్‌హెచ్, షుగర్, బీ12, ఎలక్ట్రొలైట్లు, ఇవి ఆయన రాస్తాడు, మామూలు ల్యాబులో అయిపోతాయి. పొద్దున కార్టిసాల్ అవసరమనుకుంటే అదీ ఆయనే రాస్తాడు. వాడుతున్న మందులు, క్రీములు, పొడులు అన్నీ ఒక సంచిలో వేసుకెళ్లు, చీటీలు కాదు, వస్తువులే. నాలుగు వారాలు పగటి నిద్రని ఒకే వేళకి కుదుర్చుకో, ఆఖరి కాఫీని డ్యూటీ సగంలోనే ఆపెయ్యి. మనసులో ఏదైనా భారముంటే అదీ డాక్టర్‌కి చెప్పు, అది కూడా జబ్బే, దాచుకునేది కాదు.

బీపీ మిషను దగ్గరుంచుకో, పనికొస్తుంది. టార్చి కరెంటు పోయినప్పటికి దాచు. మాత్రల డబ్బాలు ఆర్డరు పెట్టి ఉంటే ఈ రోజే క్యాన్సిల్ చేసెయ్యి. రిపోర్టులు రాగానే నాకు పంపించు, అంకెల్ని చూసి భయపడటానికి ముందు డాక్టర్ని అడుగు, ఆ తర్వాత కావాలంటే నన్నడుగు. నీరసానికి కారణం కనుక్కోవడం డాక్టర్ పని, నీకు దిగులు లేకుండా చూడటం ఈ అత్త పని. ఎవరి పని వాళ్లని చేయనివ్వు తల్లీ.